స్వరపేటిక క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మళ్ళీ మింగడం ఎలా నేర్చుకోవాలి

ఆపరేషన్ అయ్యాక అందరూ మొదట అడిగేది "ఏం తినొచ్చు?" అని. జవాబు చెప్పేముందు నేను ఎదురు అడిగేది ఒకటే: మీకు స్వరపేటికలో కొంత భాగం తీశారా, మొత్తం తీశారా? డిశ్చార్జి కాగితం తీసి చూడండి. పార్షియల్ లారింజెక్టమీ అనో, లేజర్‌తో కోత అనో ఉంటే కొంత భాగం. టోటల్ లారింజెక్టమీ అని ఉంటే మొత్తం. అర్థం కాకపోతే సర్జన్‌ని సూటిగా అడగండి. ఇది తేలకుండా కింద రాసినవేవీ మొదలుపెట్టవద్దు. ఎందుకంటే ఈ రెండు ఆపరేషన్ల తర్వాత మింగడంలో వచ్చే ఇబ్బందులు దాదాపు తలకిందులుగా ఉంటాయి. ఒకరికి నీళ్లు కష్టం, ఇంకొకరికి ముద్ద కష్టం. ఒకరు ఊపిరి బిగబట్టి మింగాలి, ఇంకొకరికి దానితో పనే లేదు. ఇదే జబ్బు నుంచి కోలుకున్న మరొకరు ఎంతో ప్రేమతో చెప్పిన సలహా మీకు పనికిరాకపోవచ్చు, ఒక్కోసారి హాని కూడా చేయవచ్చు.

గొంతులో ఏం మారింది

మామూలుగా గుటక వేసిన ప్రతిసారీ ఊపిరి క్షణం ఆగుతుంది. స్వరపేటిక పైకీ ముందుకీ లేస్తుంది. ఎపిగ్లాటిస్ అనే మూత వెనక్కి వాలుతుంది. స్వరతంతువులు దగ్గరపడి గాలిదారిని మూసేస్తాయి. అదే సమయంలో అన్నవాహిక పైద్వారం తెరుచుకుంటుంది. ఇదంతా సుమారు ఒక్క సెకనులో అయిపోతుంది. స్వరపేటిక మాట కోసమని అందరికీ తెలుసు. తిండీ నీళ్లూ ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపలా కాసేదీ అదేనని ఆపరేషన్ అయ్యేదాకా చాలామందికి తెలియదు.

కొంత భాగం తీసినప్పుడు ఆ కాపలా సగమే మిగులుతుంది. గాలిదారి, తిండిదారి ఇంకా గొంతులో ఒకచోటే కలుస్తాయి, కానీ మూతపడే భాగం పూర్తిగా లేదు. కాబట్టి అసలు ప్రమాదం పొలమారడం, అంటే ఆహారం గాలిగొట్టంలోకి జారడం. పల్చటి ద్రవాలు వేగంగా పారతాయి గనుక నీళ్లే అన్నిటికంటే కష్టం.

మొత్తం తీసినప్పుడు కథ వేరు. గాలిగొట్టాన్ని మెడ ముందుకు తిప్పి అక్కడే రంధ్రంగా కుట్టేస్తారు. దాన్నే స్టోమా అంటారు. 1873లో వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ క్యాన్సర్ కోసం తొలిసారి స్వరపేటికను పూర్తిగా తీశారు. ఇప్పుడు ఈ ఆపరేషన్ మూలసూత్రం ఇదే: ఊపిరికి ఒక దారి, తిండికి ఇంకో దారి. నోట్లో వేసుకున్నది ఊపిరితిత్తులకు చేరే మార్గమే ఉండదు. అయితే గొంతు కండరాలను మళ్ళీ కుట్టి చేసిన తిండిదారి ఇరుకవుతుంది, ముద్దను కిందికి లాగే బలం తగ్గుతుంది. అందుకే వీరికి నీళ్లు తేలిక, గట్టి పదార్థం కష్టం.

మొదటి గుటకకు ముందు

ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు ముక్కు ద్వారా వేసిన గొట్టంతోనో, పొట్ట మీద పెట్టిన గొట్టంతోనో ఆహారం ఇస్తారు. దీన్ని ఓటమిగా చూడకండి. కుట్లు మానాలంటే ప్రొటీన్, కేలరీలు కావాలి. అవి గొట్టం ద్వారా అందుతున్నంతకాలం మీరు ఆకలితో తొందరపడకుండా, భయపడకుండా గుటక సాధన చేసుకోవచ్చు.

నోటితో ఎప్పుడు మొదలుపెట్టాలన్నది సర్జన్ నిర్ణయం. మొత్తం తీసినవారిలో సాధారణంగా వారం, పది రోజుల దగ్గర మొదలుపెడతారు. ముందే రేడియేషన్ అయి ఉంటే కుట్లు నెమ్మదిగా మానతాయి కాబట్టి ఇంకా ఆగమంటారు. చాలాచోట్ల ఎక్స్‌రేలో కనబడే ద్రవం తాగించి, కుట్ల దగ్గర లీకు లేదని చూసుకున్నాకే అనుమతిస్తారు. మెడ చర్మం ఎర్రబడినా, వాచినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి ఉమ్ములాంటి ద్రవం కారినా నోటితో ఏమీ తీసుకోకుండా వెంటనే చెప్పండి. అది గొంతు నుంచి చర్మానికి దారి పడిందనడానికి, అంటే ఫిస్టులాకు గుర్తు కావచ్చు.

కొంత భాగం తీసినవారు ఒక పరీక్ష తప్పకుండా అడగాలి. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి, మీరు మింగుతుండగా గొంతును నేరుగా చూసే పద్ధతి ఒకటి. దాన్ని 1988లో సూసన్ లాంగ్‌మోర్, ఆమె సహచరులు వైద్యలోకానికి పరిచయం చేశారు, పేరు ఫీస్ (FEES). బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ వీడియో ఎక్స్‌రే తీసేది రెండోది. ఏదో ఒకటి చాలు. నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పొలమారితే దగ్గు వస్తుందిలే అనుకుంటాం. కానీ ఆపరేషన్ వల్ల, రేడియేషన్ వల్ల గొంతులో స్పర్శ తగ్గినప్పుడు ఆహారం గాలిగొట్టంలోకి పోతున్నా దగ్గు రాకపోవచ్చు. బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది. పరీక్షలో మాత్రమే దొరుకుతుంది. పైగా ఏ భంగిమలో, ఎంత చిక్కదనంతో, ఎంత పరిమాణంలో మింగితే మీకు క్షేమమో ఆ తెర మీదే తెలుస్తుంది. కింద చెప్పే పద్ధతులన్నిట్లోంచి మీకు తగినది ఎంచుకోవడం అక్కడే జరగాలి.

ఈలోగా చేయాల్సిన ముఖ్యమైన పని నోరు శుభ్రంగా ఉంచుకోవడం. నోటితో ఏమీ తినకపోయినా పళ్ళు, నాలుక, చిగుళ్ళు రోజూ కనీసం రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో తోముకోండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి ఉమ్ము పోయినా, దానితో పోయే క్రిములు తక్కువగా ఉంటే న్యుమోనియా వచ్చే అవకాశం తగ్గుతుంది. ఇంత చవకైన, ఇంత ఉపయోగపడే జాగ్రత్త ఇంకొకటి లేదు.

కొంత భాగం తీసినవారికి

మీరు నేర్చుకోవాల్సిన మొదటి విద్య, స్వరపేటిక మూసుకోలేని లోటును ఊపిరితో పూడ్చడం. దీని పేరు సుప్రాగ్లాటిక్ స్వాలో. ముందు ఉత్త ఉమ్ముతో సాధన చేయండి. తడబడకుండా వచ్చాకే, మింగడం నేర్పే థెరపిస్ట్ ఎదుట చెంచాతో మొదలుపెట్టండి.

1. నిటారుగా కూర్చోండి. పాదాలు నేలకు ఆనాలి.
2. పావు చెంచానో అర చెంచానో నోట్లో పెట్టుకుని అక్కడే ఉంచండి.
3. ముక్కుతో గాలి పీల్చి, ఊపిరి గట్టిగా బిగబట్టండి.
4. ఊపిరి బిగబట్టే గుటక వేయండి.
5. గాలి పీల్చకుండా వెంటనే దగ్గండి.
6. మళ్ళీ ఒకసారి గుటక వేసి, ఆ తర్వాతే ఊపిరి తీసుకోండి.

అందరూ తప్పేది ఐదో మెట్టు దగ్గరే. గుటక పడగానే హమ్మయ్య అని గాలి పీల్చేస్తారు. గాలిదారి అంచున మిగిలిన కాస్త ఆహారం ఆ గాలితో పాటే లోపలికి పోతుంది. దగ్గు ముందు, ఊపిరి తర్వాత. ఇంట్లోవాళ్లు ఎదురుగా కూర్చుని మెల్లగా "బిగబట్టు, మింగు, దగ్గు, మింగు" అని చెబుతుంటే మొదట్లో చాలా సాయంగా ఉంటుంది.

దీన్నే ఇంకా బలంగా, కడుపు బిగించి ముక్కుతూ చేసే రకం కూడా ఉంది. గుండెజబ్బు, గుండె లయ తప్పడం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు డాక్టర్‌ని అడగకుండా దాని జోలికి పోవద్దు.

భంగిమ కూడా మందులాంటిదే. గడ్డాన్ని ఛాతీ వైపు దించి మింగితే నాలుక మొదలు వెనక్కి జరిగి గాలిదారి ముఖం ఇరుకవుతుంది. స్వరపేటికలో ఒక పక్క మాత్రమే తీసి ఉంటే తలను ఆ దెబ్బతిన్న పక్కకే తిప్పి మింగమంటారు. వినడానికి వింతగా ఉన్నా కారణం సూటిగానే ఉంది: ఆ పక్క దారి నొక్కుకుపోయి, ఆహారం బాగున్న పక్కనుంచి జారుతుంది. అయితే గడ్డం దించడం అందరికీ పడదు. కొందరిలో ఆహారం ముందుకు జారి ఇంకా పొలమారుతుంది. పరీక్షలో మీకు పనిచేసిందని తేలినదే మీ భంగిమ.

ఊపిరి కోసం మెడలో పెట్టిన ట్రాకియాస్టమీ గొట్టం ఇంకా ఉంటే, మింగేటప్పుడు, దగ్గేటప్పుడు దాని ముఖాన్ని శుభ్రమైన వేలితో మూయమనడమో, మాట్లాడే వాల్వు పెట్టడమో చేస్తారు. గొంతులో గాలి ఒత్తిడి నిలిస్తే గుటకకీ దగ్గుకీ బలం వస్తుంది. గొట్టం చుట్టూ ఉండే బెలూన్‌లో గాలి నింపి ఉన్నప్పుడు మాత్రం ఇవేవీ చేయకూడదు, ఊపిరి ఆడదు. బెలూన్ విషయం మీ బృందమే చూడాలి.

చిక్కదనం ఎలా కొలవాలి

"కొంచెం చిక్కగా తాగండి" అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం. అందుకని ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ కొలమానం వచ్చింది. ఇందులో 0 నుంచి 7 వరకు మెట్లుంటాయి. 0 అంటే మామూలు నీళ్లు, 4 అంటే చెంచాలో నిలిచే మెత్తటి ముద్ద, 7 అంటే మామూలు భోజనం. మీకు ఏ అంకె చెప్పారో రాయించుకోండి.

ద్రవాల కొలత ఇంట్లోనే చూసుకోవచ్చు. 0 నుంచి 10 మిల్లీలీటర్ల గీత వరకు 61.5 మిల్లీమీటర్ల పొడవున్న 10 మిల్లీలీటర్ల సిరంజి కావాలి. సిరంజిలన్నీ ఒకే పొడవుండవు, స్కేలుతో కొలిచి చూసుకోండి. వెనక నొక్కే కడ్డీ తీసేసి, కింది మొనను వేలితో మూసి, 10 మిల్లీలీటర్లు పోయండి. వేలు తీసి సరిగ్గా 10 సెకన్లు కారనిచ్చి మళ్ళీ మూయండి. ఒక మిల్లీలీటరు కంటే తక్కువ మిగిలితే 0, 1 నుంచి 4 మిగిలితే మొదటి మెట్టు, 4 నుంచి 8 అయితే రెండు, 8 దాటి ఇంకా కాస్త కారుతూ ఉంటే మూడు. చుక్కా కారకపోతే నాలుగో మెట్టు కావచ్చు. దాన్ని చెంచా వంచి పడుతుందో లేదో చూసి నిర్ధారించాలి. చిక్కబరిచే పొడి కలిపిన ద్రవం నిలవ ఉన్నకొద్దీ, చల్లారినకొద్దీ మారుతుంది కాబట్టి తాగబోయేముందు కొలవండి.

చిక్కటి ద్రవాలు విసుగు పుట్టిస్తాయి, మనుషులు తాగడమే తగ్గించేస్తారు. మూత్రం ముదురు రంగులోకి మారినా, నోరు పిడచగట్టినా నీరు చాలడం లేదని అర్థం. అప్పుడు చిక్కదనం మీరే తగ్గించుకోవద్దు, ఆహారం ఇచ్చే గొట్టం ద్వారా నీళ్లు పెంచమని అడగండి.

కండరాలకు కసరత్తు

భంగిమలు ఈ పూటకు కాపాడతాయి. కసరత్తులు రేపటికి బలమిస్తాయి. కుట్లు మానాయని సర్జన్ చెప్పాకే మొదలుపెట్టండి.

అన్నిటికంటే సులువైనది గట్టిగా గుటక వేయడం. నాలుకను అంగిలికి బలంగా నొక్కి, గొంతు కండరాలన్నీ పిండినట్టు మింగాలి. ఇది స్వరపేటిక మొత్తం తీసినవారికీ పనికొస్తుంది. రెండోది మసాకో పద్ధతి. నాలుక కొసను ముందు పళ్ళ మధ్య నెమ్మదిగా పట్టి ఉంచి ఉత్త ఉమ్ము మింగాలి. నోట్లో ఆహారం ఉండగా దీన్ని ఎప్పుడూ చేయకండి.

మెండెల్సన్ పద్ధతిలో, మింగుతున్నప్పుడు స్వరపేటిక పైకి లేచిన చోటే రెండు మూడు సెకన్లు ఆపి ఉంచుతాం. మెడ మీద వేలు ఆనించి పెట్టుకుంటే ఆ కదలిక తెలుస్తుంది. మొదట ఎవరికీ రాదు, ఓపిక పట్టండి.

ఇక షేకర్ కసరత్తు. వెల్లకిలా పడుకుని, భుజాలు నేలకు ఆనించే ఉంచి, పాదాల వేళ్ళు కనబడేలా తల ఒక్కటే ఎత్తాలి. అసలు పద్ధతి ప్రకారం ఒక నిమిషం ఎత్తి ఉంచి ఒక నిమిషం విశ్రాంతి, ఇలా మూడుసార్లు, ఆపైన ఆపకుండా 30 సార్లు ఎత్తి దించడం. రోజుకు మూడు విడతలు, ఆరు వారాలు. ఆపరేషన్ అయిన మెడకు ఇది పెద్ద శ్రమ. మెడ గొట్టం ఉన్నవారు, మెడ ఎముకల జబ్బున్నవారు చేయకూడదు. చాలామందికి నేను దీనికి బదులు తేలికైనది చెబుతాను: కూర్చునే, గడ్డం కింద మెత్తటి చిన్న బంతి పెట్టి కిందికి నొక్కడం.

మొత్తం తీసినవారికి

మీరు పొలమారుతుందన్న భయం చాలావరకు పక్కన పెట్టవచ్చు. ఊపిరి బిగబట్టక్కర్లేదు, గడ్డం దించక్కర్లేదు, నీళ్లు చిక్కబరచక్కర్లేదు. మీ క్రమం వేరు: ముందు నీళ్లు, తర్వాత పల్చటి ద్రవాలు, తర్వాత జావలాంటివి, తర్వాత తడిగా మెత్తగా ఉన్నవి, చివరికి నమిలేవి. ఒక మెట్టు మీద రెండు మూడు రోజులు హాయిగా సాగితేనే తర్వాతిది.

చిన్న ముద్ద, బాగా నమలడం, నాలుకతో వెనక్కి బలంగా నెట్టడం, వెంటనే ఒక గుక్క నీళ్లు. ఈ వరుస అలవాటు చేసుకోండి. పొడిగా ఉండేవి, పీచుగా సాగేవి, మెత్తగా ఉన్నా జిగటగా అంటుకునేవి ఎక్కువ ఇబ్బంది పెడతాయి. గొంతులో అడ్డం పడినట్టుంటే కంగారు వద్దు. మీ ఊపిరి మెడ రంధ్రం గుండా ఆడుతూనే ఉంటుంది. ఆ మాట అప్పుడు గుర్తు తెచ్చుకోండి, ఇంట్లోవాళ్లకూ చెప్పి ఉంచండి. నిటారుగా కూర్చుని ఇంకో రెండు గుటకలు వేయండి, చిన్న గుక్కలతో నీళ్లు తాగండి. ఉమ్ము కూడా దిగకుండా నిలిచిపోతే మాత్రం ఆసుపత్రికి వెళ్లండి.

నాలుక మొదట్లో ఒక మడత ఏర్పడి అందులో ఆహారం నిలిచిపోవడం కొందరిలో కనబడుతుంది. తిన్న కాసేపటికి అదే ఆహారం నోట్లోకి తిరిగి వస్తుంటే డాక్టర్‌కి చెప్పండి. నిన్నటిదాకా దిగినవి ఇవాళ దిగకుండా, వారాలు గడిచేకొద్దీ ఇబ్బంది పెరుగుతుంటే తిండిదారి బిగుసుకుపోతోందని అనుమానించాలి. దాన్ని సాగదీసే చికిత్స ఉంది, అవసరాన్ని బట్టి మళ్ళీ మళ్ళీ చేస్తారు. అయితే జబ్బు తిరగబెట్టినా ఇవే లక్షణాలు కనబడవచ్చు. కాబట్టి తినేది పల్చన చేసుకుంటూ సర్దుకుపోకండి, చూపించుకోండి.

మాట కోసం వాయిస్ ప్రోస్థసిస్ పెట్టించుకున్నవారికి ఇంకో గమనిక. మింగింది ఊపిరితిత్తులకు చేరదని మొదట చెప్పిన నియమానికి మినహాయింపు ఇక్కడే ఉంది. గాలిగొట్టానికీ అన్నవాహికకీ మధ్య గోడలో ఆ చిన్న వాల్వు ఉంటుంది. నీళ్లు తాగగానే దగ్గు వస్తే అది లీకవుతున్నట్టే. రంగున్న ద్రవం ఒక గుక్క తాగి, స్టోమాలోకి లైటు వేసి చూడండి. వాల్వు మధ్యలోంచి వస్తోందా, చుట్టూ వస్తోందా గమనించి చెబితే మీ థెరపిస్ట్‌కి పని సులువవుతుంది. మధ్యలోంచి అయితే శుభ్రం చేసి చూడండి, ఆగకపోతే మార్చాలి. వాల్వు ఊడిపోతే, మీకు నేర్పిన విధంగా గొట్టాన్ని ఆ రంధ్రంలో పెట్టుకుని వెంటనే బయల్దేరండి. లేకపోతే ఆ దారి పూడుకుపోతుంది. ఊడిన వాల్వు కనబడకపోతే గాలిగొట్టంలోకి జారి ఉండవచ్చు, ఆలస్యం చేయకూడదు.

తిండి రుచించకపోవడానికి అసలు కారణం చాలాసార్లు వాసన తెలియకపోవడం. గాలి ముక్కులోంచి పోవడం లేదు కదా. దీనికి మంచి ఉపాయం ఉంది. పెదవులు మూసి, ఆవలింతను లోపలే అణచుకుంటున్నట్టు కింది దవడను, నాలుకను, నోటి అడుగును కిందికి దించండి. ఇలా వెంటవెంటనే చేస్తే నోట్లో ఖాళీ ఏర్పడి ముక్కులోంచి గాలి లోపలికి వస్తుంది, దానితో పాటే వాసన. భోజనానికి ముందు రోజూ చేయండి. తినాలన్న కోరిక తిరిగి రావడం మనిషిని ఎంత మారుస్తుందో నేను చూశాను.

స్వరపేటిక లేనప్పుడు ఊపిరి బిగించి ముక్కడం కుదరదు. అందుకని మలబద్ధకం రాకుండా నీళ్లు, పీచు ముందు నుంచే చూసుకోండి.

రేడియేషన్ కూడా తోడైతే

రెండు వర్గాలకూ ఇది వర్తిస్తుంది. నోరు ఎండిపోతుంది, మింగితే నొప్పి, కండరాలు నెమ్మదిగా బిగుసుకుపోతాయి. ఆ బిగువు చికిత్స అయిపోయిన నెలలకు, ఏళ్ళకు కూడా రావచ్చు. అందుకే రేడియేషన్ జరుగుతున్న వారాల్లో కూడా, మీకు అనుమతించినంత మేరకు, రోజూ కొంతైనా మింగుతూ ఉండాలి. నొప్పి మందు భోజనానికి అరగంట ముందు పడేలా డాక్టర్‌తో మాట్లాడుకోండి. నోరు తెరిచే కసరత్తూ చేయండి. పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య 35 మిల్లీమీటర్లు కూడా తెరుచుకోకపోతే దవడ బిగుసుకుపోయినట్టే లెక్క.

ప్రతి భోజనం దగ్గరా

టీవీ ఆపేయండి. అలసిపోయి ఉన్నప్పుడు తినకండి. ఒక్కసారి ఎక్కువ తినే బదులు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తినండి. తిన్నాక కనీసం అరగంట నిటారుగానే ఉండండి. మంచం తలవైపు ఎత్తు పెట్టుకుంటే రాత్రిళ్లు కడుపులోది పైకి రాదు. మాత్రలు మీ అంతట మీరు పొడి చేయవద్దు. నెమ్మదిగా విడుదలయ్యే రకాలు పొడి చేస్తే మందంతా ఒకేసారి ఒంట్లోకి పోతుంది. ద్రవరూపంలో దొరుకుతుందేమో అడగండి.

స్వరపేటికలో కొంత భాగం ఉన్నవారికి తింటున్నప్పుడు గొంతు నీళ్లు నిండినట్టు గరగరలాడితే, ఆయాసం వస్తే, పెదాల రంగు మారితే ఆ పూటకు ఆపేయండి. జ్వరం, కఫం పెరగడం, ఛాతీలో నొప్పి ఉంటే అదే రోజు డాక్టర్‌కి చూపించుకోండి.

వారానికోసారి ఒకే వేళ, ఒకే తూకం మీద బరువు చూసి రాసుకోండి. నెలలో ఒంటి బరువులో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే పోషణ చాలడం లేదని అర్థం.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మొత్తం తీసిన మనిషికి ఊపిరి అందకపోతే ఆక్సిజన్ మాస్కు ముక్కూ నోటి మీద కాదు, మెడ రంధ్రం మీద పెట్టాలి. నోట్లో నోరు పెట్టి ఊదినా ఊపిరి చేరదు. ఇది రాసి ఉన్న కార్డు ఆయన జేబులో, ఆమె సంచిలో ఎప్పుడూ ఉండాలి.

ఆహారం ఇచ్చే గొట్టం తీయమని ఎప్పుడు అడగాలి

కావలసిన తిండీ నీళ్లూ మందులూ అన్నీ నోటితోనే వెళ్తూ, గొట్టం వాడకుండానే రెండు మూడు వారాలు బరువు నిలకడగా ఉండి, ఛాతీలో ఇన్‌ఫెక్షన్ లేకపోతే అడగవచ్చు. రేడియేషన్ ఇంకా మిగిలి ఉంటే అదయ్యాకే. కొంత భాగం తీసినవారు దానికి ముందు మింగే పరీక్ష ఇంకోసారి చేయించుకోండి. తీసిన భాగం పెద్దదైతే ఇక్కడికి చేరడానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లో వారం వారం ఏమేం మింగగలిగారో ఒక పుస్తకంలో రాసి, ప్రతి అపాయింట్‌మెంట్‌కీ తీసుకెళ్లండి. తర్వాతి మెట్టు ఎప్పుడన్నది దాన్ని చూసే నిర్ణయిస్తారు.